తాడు మీద ఫనేక్‌లు

పోయిన వారం కుంజోను మనం అతని ఇంటి గుమ్మంలో, సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉండగా వదిలిపెట్టాం. లైరెన్‌పాట్ మునిసిపాలిటీలో ఓటింగుకు వేళవుతోంది. ఆడవాళ్ళ బజారులో కూర్చుని అమ్ముకునే ప్రతి మనిషీ తాను కూర్చునే చోటుకు ఏటా పన్ను కట్టాలన్న తీర్మానం ఆ పూటే కౌన్సిల్ ముందుకు వస్తోంది. తెచ్చింది కుంజో. గెలిపించాల్సిందీ అతని ఓటే. ఆ పన్ను మాట బయటపడిన నాటి నుంచి ఊళ్ళో అతన్ని చూసి నవ్వినవాళ్ళు లేరు. అదే బజారులో ఎండుచేపలు అమ్మి అతన్ని చదివించిన తల్లి ఇబేటొన్ మూట కట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

కుంజో సైకిలు ఎక్కబోతుండగా సందు చివర కరెంటు స్తంభం మోగింది.

ఇనప స్తంభాన్ని రాయి పెట్టి కొడుతున్నారు. టంగ్, టంగ్, టంగ్. ఆ మోత వినబడితే పొయ్యి మీద కుండ ఉన్నా దించి ఆడవాళ్ళు వీధిలోకి రావాలి. ఎందుకని అడగరు. వచ్చాకే తెలుసుకుంటారు. పక్క వీధి స్తంభం అందుకుంది. ఆ పక్కది. ఊరంతా గంటలు కట్టినట్టు మోగడం మొదలుపెట్టింది.

కుంజో సైకిలు తోసుకుంటూ మలుపు తిరిగి, ఠక్కున ఆగిపోయాడు.

సందుకు అడ్డంగా, స్తంభం నుంచి ఎదురింటి వెదురు దడి దాకా తాడు కట్టి ఉంది. తాడు నిండా ఫనేక్‌లు, ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునే బట్టలు. ఎర్ర చారలవి, నల్ల అంచులవి, వెలిసిపోయినవి, పొద్దుటే నడుము నుంచి విప్పినవి. కొన్ని చివర్లు నేలను రాస్తున్నాయి. వాటి వెనక బజారు మొత్తం నిలబడి ఉంది. నుదుటి నుంచి ముక్కు దాకా గంధం బొట్లు, భుజాల మీద పల్చటి ఇన్నఫీ పైబట్టలు, చేతుల్లో వెదురు చేటలు.

ఈ ఊళ్ళో పుట్టిన మగవాడెవడూ ఆ తాడు కింద నుంచి దాటడు. పరాయి ఆడదాని ఫనేక్ తలకు తగిలితే మగవాడి సత్తువ ఆ రోజుతో సరి. పోలీసు ఇన్‌స్పెక్టరయినా జీపు వెనక్కి తిప్పుకుంటాడు.

"రండి రాణీగారూ, రండి!" అంటూ ముందుకొచ్చింది రాసమణి. బట్టల వరసలో ఆమెది పెద్ద చోటు, అంతకన్నా పెద్ద గొంతు. బజారు సంఘానికి పెద్ద ఆమే. "దాటండి మరి! మీకేం భయం? పదేళ్ళు ఫనేక్ కట్టి ఆడినవారేగా!"

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. నవ్వులో చెలిమి లేదు.

రాజకీయాల్లోకి రాకముందు కుంజో వాకిళ్ళలో వేసే నాటకాల్లో రాణి వేషం కట్టేవాడు. అతను ఏడిస్తే ఊరు ఏడ్చేది. ఆ ఏడుపుతోనే మొదటి ఎన్నిక గెలిచాడని శత్రువులంటారు. గెలిచాక ఏ పార్టీలోనూ కుదురుగా లేడు. రోడ్డు కాంట్రాక్టు తన పార్టీవాడికే ఇచ్చారని మొదటి పార్టీ వాళ్ళ కాగితాలు సభలోనే చించాడు. మురుగుకాలవ బాగు చేయించడంలేదని ఆ నీళ్ళే బకెట్లో తెచ్చి ఛైర్మన్ బల్ల మీద కుమ్మరించాడు. వెలివేసిన ప్రతిసారీ ఇండిపెండెంటుగా నిలబడి గెలిచాడు. ఓట్లేసింది ఈ ఆడవాళ్ళే.

"అప్పుడు కట్టినవి అద్దెవి రాసమణి అక్కా," అన్నాడు కుంజో. "ఇవి సొంతదారులవి. దారివ్వండి. సభకు వెళ్ళాలి."

"ఎందుకూ, మా నోట్లో కూడు లాగడానికా?"

"ఈడికి పెళ్ళాం లేదు, వాళ్ళమ్మ చోటుకి కోడలు రాదు. అందుకే ఎవరి చోటూ మిగలకూడదని పన్నేశాడు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"మా అత్త కూచున్న చోటు, వాళ్ళత్త కూచున్న చోటు! దానికి నీకు కట్టేదేంట్రా?"

"మిల్లులోళ్ళు బియ్యం ఎగుమతి చేస్తుంటే అడ్డుపడి, దొర తుపాకులకే భయపడలేదు మా అమ్మలు! నువ్వెంత?"

ఒక చేట గాల్లోకి లేచి వచ్చి అతని సైకిలు చక్రానికి తగిలింది. ఇంకొకటి భుజానికి. కుంజో కదల్లేదు. అతని చూపు తాడు మధ్యలో ఆగిపోయింది. అక్కడ గోధుమరంగు ఫనేక్ ఒకటి వేలాడుతోంది. మోకాలి దగ్గర అతుకు. ఆ అతుకు వేసేటప్పుడు సూదిలో దారం ఎక్కించింది అతనే.

"ఇమా," అని తల్లిని పిలిచాడు.

గుంపు చీలింది. ఇబేటొన్ ముందుకు వచ్చింది. పొట్టి మనిషి. ఎండుచేపల వాసన ఆమె కన్నా ముందు వచ్చింది. రాత్రులు నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నీది కూడా కట్టావా?"

"మొదట కట్టింది నాదే."

"ఇమా, నేను దాటాలి."

"దాటు. ఎవరు పట్టుకున్నారు?"

"నీదొక్కటే అయితే దాటేవాణ్ణి."

ఆమె ముఖం కందిపోయింది. "నా చోటు మీద పన్నేసినవాడికి నా ఫనేక్ నీడ కావాల్సొచ్చిందా? సిగ్గు లేదూ? ఆ చోట్లో నిన్ను ఒళ్ళో పెట్టుకుని పాలిచ్చానురా. వానొస్తే నిన్ను చేపల బుట్ట కింద దాచి నేను తడిశాను. నీ బడి, నీ పుస్తకాలు, నీ నాటకాల జుట్టు, అన్నీ ఆ చోటే ఇచ్చింది. ఇవాళ దానికి వెల కడతావా?"

పన్ను మాట బయటపడిన రోజు నుంచి కుంజో అన్నీ మింగుతూ వచ్చాడు. ఇంటి గోడ మీద పేడ కొట్టారు, మింగాడు. హోటల్లో టీ ఇవ్వలేదు, మింగాడు. కాని ఆమె కళ్ళల్లోకి చూశాక లోపల ఏదో తెగింది.

"వెల కాదమ్మా! హక్కు!"

ఆ అరుపుకి స్తంభం కొడుతున్న చెయ్యి ఆగింది.

"ఏ హక్కు?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు. సైకిలు స్టాండు వేశాడు. గొంతు తగ్గించాడు.

"ఆ నేల ఎవరిది ఇమా? మునిసిపాలిటీది. మీరు తరతరాలుగా కూచున్నారు. కాని మీరు కూచున్నట్టు ఎక్కడా లేదు. రేపు లేవమంటే లేవాలి. ఛైర్మన్ గౌరచంద్ర ఆ నేల బయటి కాంట్రాక్టరుకి మాటిచ్చేశాడు. మూడంతస్తుల భవనం. కింద బంగారం కొట్లు, పైన హోటలు. మీకు నది గట్టున బురదలో చోటిస్తాడట."

చేటలు పట్టుకున్న చేతులు కిందికి దిగాయి.

"పన్ను వేస్తే ప్రతి చోటూ కూచున్న మనిషి పేరు మీద ఎక్కుతుంది. మీ పేరు మీద పన్ను పుచ్చుకున్నవాడు మీరెవరో తెలీదనలేడు. లేపాలంటే కోర్టుకెళ్ళాలి. ఒక్కొక్కరి మీద ఒక్కో కేసు వెయ్యాలి. వాడి తరం కాదు. అందుకే తెచ్చాను. గౌరచంద్రకి మొదట్లో ఇది అర్థం కాలేదు. ఈ పన్నుతో ఆడవాళ్ళు నన్ను తగలేస్తారని సంబరపడి సభ ముందుకు రానిచ్చాడు. ఇప్పుడు పసిగట్టి తనవాళ్ళతో వ్యతిరేకంగా వేయిస్తున్నాడు. మావైపు ఒక్క ఓటే ఎక్కువ. ఆ ఒక్కటీ నేనే. నేను వెళ్ళకపోతే పోయింది."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మెత్తబడతారని కుంజో అనుకున్నాడు. తల్లి కళ్ళు చెమర్చుతాయనీ అనుకున్నాడు. నాటకంలో అయితే అలాగే జరిగేది.

ఇబేటొన్ తాడు కింద నుంచి వంగి ఇవతలికి వచ్చి, అతని చెంప మీద ఫెడీమని కొట్టింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే గౌరచంద్రకి తెలిసిపోయేది. బజారులో ఏ మాటైనా సాయంత్రానికి..."

"ఏ మాటైనా సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అంతేనా? ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. అదేగా నీ లెక్క?"

"ఇమా, అలా కాదు..."

"అలాగే! మీ నాన్న అండర్‌గ్రౌండు వాళ్ళకు అన్నం పంపేవాడు, నీకు తెలుసా? నా బుట్టలో చేపల కిందే వెళ్ళేది. పక్క చోటు తోంబికి తెలుసు. ఎదురు వరసలో ఉన్న ముగ్గురికి తెలుసు. మిలటరీవాళ్ళు రోజూ మా ముందు నుంచే నడిచేవాళ్ళు. ఒక్కతె నోరు విప్పిందా? నీకు ఇప్పటిదాకా తెలీదంటేనే చూసుకో, మేం ఎంత దాచగలమో!"

తండ్రి సంగతి నిజంగానే కుంజోకు తెలీదు.

"మా చోటు గురించి నువ్వొక్కడివీ కూచుని ఆలోచించావు. నువ్వొక్కడివీ నిర్ణయించావు. మమ్మల్ని కాపాడదామనుకున్నావు సరే, అడిగావా? గౌరచంద్ర అడక్కుండా అమ్ముతున్నాడు, నువ్వు అడక్కుండా కాపాడుతున్నావు. మా నోరు మూయించడంలో మీ ఇద్దరికీ తేడా ఏంట్రా?"

ఆ మాటకు వెనక నిలబడ్డవాళ్ళలో గొణుగుడు లేచింది. ఇందాకటి ఎగతాళి కాదు, అంతకన్నా బరువైన కోపం.

"అవునయ్యా," అంది కూరల వరసలో కూచునే ఓ బక్కపలచటి మనిషి. "నేను రోజూ బుట్టెడు ఆకుకూర అమ్ముతా. అది అమ్మితేనే ఇంట్లో పొయ్యి. నీ పన్ను కట్టలేనిదాని పేరెక్కడ ఎక్కుతుంది? ఆలోచించావా?"

కుంజో తల దించుకున్నాడు. "లేదు."

"అడిగుంటే చెప్పేవాళ్ళం," అంది ఇబేటొన్. "దాని అత్త పురిట్లో ఉన్నప్పుడు ఆ చోటు మేమే నడిపాం. దానికి కట్టలేని ఏడు మేమే కడతాం. ఇది మాకు కొత్త కాదు. నీకు తెలీదు, అంతే. బజారులో పెరిగావు గాని ఎప్పుడూ బుట్ట కింద నుంచే చూశావు."

చెంప మండుతోంది. అంతకన్నా లోపల మండుతోంది. తప్పు ఒప్పుకోవడం అతనికి అలవాటు లేని పని.

"నాదే తప్పు," అన్నాడు. పెద్దగా, అందరికీ వినబడేలా. "ఓటయ్యాక మీరు చెప్పినట్టు మారుస్తా. మార్చకపోతే ఈ తాడుకి నన్నే కట్టండి. ఇప్పుడు మాత్రం వెళ్ళనివ్వండి."

జవాబు రాకముందే సందు అవతలి చివర నుంచి కేక వినబడింది. ముసలి తోంబి ఒక చేత్తో ఫనేక్ ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో గోడలు పట్టుకుంటూ వస్తోంది. కీళ్ళవాతంతో ఆమె గుంపుతో పాటు నడవలేక వెనకబడింది.

"కంచె... కంచె వేస్తున్నారే! ముళ్ళతీగ! బజారు చుట్టూ గుంజలు పాతేస్తున్నారు. లోపల మనిషన్న వాసన లేదు. మన బుట్టలన్నీ రోడ్డు మీద పోశారు. ఎవర్రా మీరంటే, ఖాళీగా ఉన్న స్థలానికి కంచె వేస్తున్నాం అవ్వా అంటున్నారు!"



బజారు ఏనాడూ ఖాళీగా ఉండదు. ఒకరు నీళ్ళకు వెళితే పక్కవాళ్ళు చూస్తారు. చావైనా పెళ్ళైనా వరసకు ఒకరైనా కూచుంటారు. కాని స్తంభం మోగితే? స్తంభం మోగితే ఒక్కరూ మిగలకూడదు. అందరూ వచ్చేశారు. అమ్మమ్మల నుంచి చంటిపిల్లల తల్లుల దాకా అందరూ. తమ కట్టుబాటే తమ బజారును ఖాళీ చేసి కంచె వేసేవాళ్ళ చేతుల్లో పెట్టింది.

"ఇవాళ స్తంభం మొదట కొట్టిందెవరు?" అంది ఇబేటొన్ నెమ్మదిగా.

"రాసమణి."

"ఒక్కరు కూడా మిగలొద్దు, మిగిలితే వెలేస్తానని వరస వరసకీ చెప్పిందెవరు?"

"రాసమణే."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇందాక తాడు పక్కన నిలబడి 'రాణీగారూ' అని పిలిచిన రాసమణి అక్కడ లేదు.

ఆకుకూరల మనిషి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇంకొకామె బూతు మాట అంది. ఆ బూతుతో గుంపుకి కాళ్ళొచ్చాయి.

"పదండి!"

"ఆగండి!" ఇబేటొన్ గొంతు చీలింది. "ఈ తాడు విప్పండి. గుంజలు పాతేవాళ్ళూ ఈ ఊరి మగవాళ్ళే. పాతిన గుంజలకే ఇవి వేలాడదీద్దాం. ఎవడు లోపల అడుగు పెడతాడో చూస్తా!"

చేతులు తాడు మీద పడ్డాయి. ఒక్కొక్క ఫనేకూ దిగింది. ఎర్ర చారలవి, నల్ల అంచులవి. తన దాని మీద ఎవరో చెయ్యి వెయ్యబోతే ఇబేటొన్ ఆ చేతిని పక్కకు తోసింది.

"దీన్ని ఉండనివ్వండి. వీడు వెళ్ళాక నేను తెస్తా."

ఆడవాళ్ళు అర్థం చేసుకుని పక్కకు జరిగారు. పరాయి ఆడదాని ఫనేక్ మగవాడి బలం తీసేస్తుంది. కన్నతల్లిది కవచం. పూర్వం కత్తి పట్టి యుద్ధానికి వెళ్ళే మగవాడు దాని అంచు ముక్కను ఒంటి మీద దాచుకునేవాడు.

"ఇమా, నేనూ బజారు దగ్గరకు వస్తా."

"వస్తే ఓటు ఎవడు వేస్తాడు, మీ నాన్న లేచొచ్చి వేస్తాడా? నీ తప్పు సంగతి సాయంత్రం చూస్తా. అన్నం పెట్టాక తిడతా. ఇప్పుడు పో."

సాయంత్రం అన్నం పెడతానంది. తన ఇంటికి వస్తానంది. కుంజో సైకిలు తోసుకుంటూ తాడు కిందకు నడిచాడు. వంగలేదు. గోధుమరంగు బట్ట అతని నుదుటిని, జుట్టును, మెడను రాసుకుంటూ వెళ్ళింది. ఎండుచేపల వాసన.

"మాటివ్వు," అంది వెనక నుంచి తల్లి. "దీని కింద నిలబడి ఇయ్యి. ఏం జరిగినా పన్నుకి ఓటేస్తానని."

"వేస్తా ఇమా. ఏం జరిగినా."

ఆ మాట వందల మంది విన్నారు.

అతను సైకిలు ఎక్కి మెయిన్ రోడ్డు మీదకు వచ్చేసరికి ఛైర్మన్ జీపు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. గౌరచంద్ర ముందు సీట్లో కూచుని తమలపాకు నములుతున్నాడు. ఇస్త్రీ మడత చెడని తెల్ల ధోవతి. వెనక సీట్లో ఇన్నఫీ తల మీదకు లాక్కుని రాసమణి.

కుంజో బ్రేకు వేశాడు. "ఎంతకమ్ముకున్నావు అక్కా?"

రాసమణి ముఖం తిప్పుకుంది.

"ఆమెనెందుకు తిడతావయ్యా," అన్నాడు గౌరచంద్ర నవ్వుతూ. "నీకో మంచి వార్త చెబుదామని ఆగాను. తీర్మానానికి నేను కూడా ఓటేస్తున్నా. మావాళ్ళంతా వేస్తున్నారు. నీ పన్ను గెలిచినట్టే."

గౌరచంద్ర ఓడిపోవడానికి ఎప్పుడూ నవ్వుతూ రాడు.

"దేనికి?"

"చిన్న సవరణ పెట్టాం. ఇందాకే సభలో పాసయింది. నువ్వు తాడు దగ్గర ఇరుక్కున్నావు కదా, నీకు తెలీదు. పాపం అంతమంది ముసలమ్మలు ఆఫీసు చుట్టూ తిరగడం ఎందుకు? పన్ను అందరి తరఫునా ఒక్కరే కడతారు. సంఘం పెద్దగా రాసమణి. చోట్లన్నీ ఆమె పేరు మీదే ఎక్కుతాయి." పక్కకు తిరిగి ఎర్రగా ఉమ్మాడు. "పన్ను ఎవరి పేరు మీద ఉంటే చోటు వాళ్ళది. కోర్టుకెళ్ళినా లేపలేరు. ఈ తెలివి నీదేగా కుంజో! అది నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టిందంతే. భవనం కాంట్రాక్టరుతో రాసమణి సాయంత్రమే సంతకం చేస్తుంది."

"నేను వ్యతిరేకంగా వేస్తా. దాన్ని ఓడిస్తా."

"ఓడించు. నువ్వూ నీ వైపువాళ్ళూ అటు వేస్తే ఒక్క ఓటుతో పడిపోతుంది. నిజమే." గౌరచంద్ర వేలితో సందు వైపు చూపించాడు. "వాళ్ళకి ఏం చెబుతావు మరి?"

కుంజో తిరిగి చూశాడు.

సందులో నుంచి ఆడవాళ్ళు ఏరులా రోడ్డు మీదకు వస్తున్నారు. భుజాల మీద ఫనేక్‌లు, చేతుల్లో తాడు. అందరికన్నా ముందు తన గోధుమరంగు ఫనేక్‌ను చుట్టి చంకలో పెట్టుకుని ఇబేటొన్ పరిగెడుతోంది. ఇంత దూరం నుంచి ఏం చెప్పినా ఆ హోరులో వినబడదు. జీపును, కొడుకును చూసి ఆమె చెయ్యి ఎత్తింది. ఇంతకాలం తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో కొడుకును చూసుకుని గర్వపడే వెలుగు కనిపించింది.

"ఓటెయ్యి కుంజో!" అని అరిచింది.

వెనక వందల గొంతులు అందుకున్నాయి.

"ఓటెయ్యి! పన్నుకి ఓటెయ్యి!"